అరవై అడుగుల దూరాన అడపం

ఒకానొక రాజ్యంలో రాజుగారికి తప్ప అందరికీ కాళ్ళుండేవి.

అంటే రాజుగారికి కాళ్ళు లేవని కాదు. రెండూ ఉన్నాయి, వాటికి బంగారు కడియాలు కూడా ఉన్నాయి. వాటితో పని మాత్రం లేదు. ఆ రాజ్యం పేరు నెమలికోట, ఆ రాజు పేరు గంభీర భూపతి. పడకటింటి నుంచి స్నానాల గదికి ఆయన్ని కుర్చీలో మోసేవారు నలుగురు. అక్కడి నుంచి సభకు పల్లకీలో మోసేవారు ఎనిమిదిమంది. సింహాసనం వెనకే ఒక చిన్న తలుపు పెట్టించుకున్నాడు. పల్లకీ ఆ తలుపు దగ్గర దించితే రెండడుగుల్లో గద్దె. ఆ రెండడుగులకే రొప్పు వచ్చేది. ఆయన ఎర్రతోలు చెప్పులకు బంగారు పువ్వులు కుట్టి ఆరేళ్ళయింది. కుట్టినవాడు కొలత కోసం అడుగున గీసిన సున్నపు గీత ఇంకా చెరగలేదు.

గద్దె మీద కూర్చున్నాక ఎడమ మోచేతి దగ్గర అరిసెల పళ్ళెం. ఒకటి తింటుంటే ఇంకొకటి చేతిలో సిద్ధంగా ఉండేది. కుడి మోచేతి దగ్గర అడపం. అడపమంటే తాంబూలాల పెట్టె. ఆకులు, వక్కలు, సున్నం, కర్పూరం అన్నీ అందులోనే ఉంటాయి. ఆ పెట్టె పట్టుకుని పొద్దస్తమానం నిలబడేవాడి పేరు లింగన. వాళ్ళ తాత పట్టాడు, తండ్రి పట్టాడు, ఇప్పుడు ఇతను పట్టాడు. చేతులకు పెట్టె తప్ప వేరే పని లేదు గనక లింగన బుర్రకు కావలసినంత తీరిక.

ఆ పెట్టె గురించి ఒక మాట చెప్పాలి. గంభీర భూపతి ముత్తాతను ఎవరో తాంబూలంలో విషం పెట్టి చంపబోయారు. ఆయన బతికి బయటపడి రెండు కట్టుబాట్లు పెట్టాడు. పెట్టె తాళంచెవి రాజు మొలతాడుకే ఉండాలి, పెట్టె రాజే తెరవాలి. ఫిర్యాదుతో వచ్చినవాడికి గద్దె మీద నుంచే తీర్పు చెప్పి, రాజు తన చేత్తో విడెం, అంటే చుట్టిన తాంబూలం, ఇవ్వాలి. విడెం చేతిలో పడితేనే తీర్పు తీర్పు, మాట మాట. విడెం ఇచ్చాక రాజైనా సరే వెనక్కి తీసుకోవడానికి లేదు. ఒకరి విడెం పూర్తికాకుండా ఇంకొకరిని పిలవడానికీ లేదు. రోజుకు నలభై ఫిర్యాదులు వచ్చేవి, నలభై విడేలు పోయేవి.

ఇంకో కట్టుబాటు కూడా ఉంది. గంభీర భూపతి ప్రాణాల మీదికి తెచ్చింది అదే.

ఊరి పక్కన జెండాగట్టు అని ఒక కొండ. దానికి మూడొందల నలభై మెట్లు. ఏటా విజయదశమి నాడు రాజు తన కాళ్ళతో ఆ మెట్లెక్కి జెండా ఎగరెయ్యాలి. ఎక్కలేని రాజు దిగిపోవాలి, ఎక్కగలిగిన దాయాది గద్దెక్కాలి. ఆరేళ్ళుగా ఏదో ఒక సాకుతో తప్పించుకుంటున్నాడు. కిందటేడు ముహూర్తం బాగాలేదన్నాడు. అంతకు ముందేడు వాన అన్నాడు. ఆ రోజు వాన పడలేదని అందరికీ తెలుసు, కానీ రాజుగారు పడిందన్నాక పడినట్టే. ఈ ఏడు మాత్రం పొరుగు రాజు కబురంపాడు: "మీ దశమి వైభవం కళ్ళారా చూడాలని మా రాయబారి వస్తున్నాడు." ఆ మాటలో ఎంత ప్రేముందో పసిపిల్లలకు కూడా అర్థమవుతుంది.

శ్రావణం వెళ్ళిపోతున్న రోజుల్లో రాజుగారు వైద్యుణ్ణి పిలిపించాడు. వైద్యుడి పేరు ఉమాపతి. తల నెరిసినవాడు, ఎవరి దగ్గరా ఒక మాట పెంచి చెప్పడు, తగ్గించి చెప్పడు. రాజాస్థానంలో అలాంటివాళ్ళకు కష్టాలు తప్పవు.

"ఉమాపతీ, గట్టెక్కే మందు కావాలి" అన్నాడు రాజు, అరిసె నములుతూ.

"మహారాజా, ఆ మందు నా సంచిలో లేదు. రోజూ రెండు ఘడియలు నడవండి. తీపి తగ్గించండి. కూరా నారా ఎక్కువ తినండి. దశమి నాటికి మీరే ఎక్కుతారు."

రాజు నమలడం ఆపాడు. "రెండు ఘడియలా? నాకు తుమ్మడానికి తీరిక లేదయ్యా! పొద్దున తుమ్ము వస్తే సాయంత్రం రమ్మంటున్నాను. రాజ్యం నీకేం తెలుసు? పొద్దు పొడిచింది మొదలు ఫిర్యాదులు, మధ్యాహ్నం నాలుగు మెతుకులు, మళ్ళీ ఫిర్యాదులు."

ఆ నాలుగు మెతుకులు మోసుకు రావడానికి వంటశాల నుంచి ఆరుగురు వచ్చేవారని లింగనకు తెలుసు. పెట్టె పట్టుకుని గోడ వైపు చూస్తూ నిలబడ్డాడు.

"తీరిక లేనివాళ్ళకే కదా మహారాజా రోగాలు వచ్చేది. వాటికీ తీరిక ఉండదు, త్వరగా వస్తాయి" అన్నాడు ఉమాపతి నెమ్మదిగా.

రాజుకు ముక్కు మీద ఉన్న కోపం నెత్తికెక్కింది. "నడక! నన్ను నడవమంటావా? నడిచేది పల్లకీ మోసేవాళ్ళు. రాజు నడిస్తే రాజుకూ బోయీకీ తేడా ఏముంది? ఆ మాట ఈ సభలో మళ్ళీ వినబడితే నాలుక కోయిస్తాను. విను. దశమికి నలభై రోజులుంది. నా పొద్దులో ఒక్క ఘడియ ముట్టుకోకుండా, నా విస్తట్లో ఒక్క వంటకం తగ్గించకుండా నన్ను గట్టెక్కించు. లేకపోతే సంచి సర్దుకుని పొలిమేర దాటు."

ఉమాపతి దణ్ణం పెట్టి తల వంచుకున్నాడు. డెబ్బై ఏళ్ళ మనిషి. ఆ వంగిన తల చూస్తే లింగనకు పాత సంగతి గుర్తొచ్చింది. మూడేళ్ళ కిందట తన భార్య పురిటి నొప్పుల్లో ఉంటే, వాగు పొంగుతున్నా లెక్కచెయ్యకుండా నడుంలోతు నీళ్ళలో వచ్చిన మనిషి. తల్లినీ బిడ్డనూ దక్కించిన చేతులు. అవి ఇప్పుడు పొలిమేర అవతల ఏ సత్రం అరుగు మీదో పడుండాలా?

నోరు మూసుకుని నిలబడడం అడపంవాడి మొదటి ధర్మం. లింగన ఆ ధర్మం అప్పుడే మరిచిపోయాడు.

"మహారాజా, ఆ మందు నా దగ్గరుంది" అన్నాడు.

సభంతా ఇటు తిరిగింది. ఉమాపతి కూడా తలెత్తాడు, అయ్యో వద్దు అన్నట్టు.

"నీ దగ్గరా? ఆకూ వక్కా తప్ప నీకేం తెలుసురా?" అన్నాడు రాజు.

"మా తాత చెప్పిన మందు మహారాజా. కషాయం కాదు, చేదుండదు. తమరు చెప్పిన షరతులన్నిటికీ ఒప్పుకుంటున్నాను. ఒక్క ఘడియ ముట్టుకోను, ఒక్క వంటకం తగ్గించను, తమరు వద్దన్న మాట నోట పలకను. ఎక్కించలేకపోతే వైద్యులతో పాటు నేనూ పొలిమేర దాటతాను. ఎక్కిస్తే ఇద్దరం ఇక్కడే ఉంటాం."

"నీకేం కావాలి?"

"పెద్దగా ఏమీ వద్దు. ఈ నలభై రోజులు సభలో అడపం నేను పెట్టిన చోట ఉండాలి. ఇన్నాళ్ళూ నిలబడి మోసి చేతులు లాగేస్తున్నాయి."

రాజు పగలబడి నవ్వాడు. "ఇంతేనా? బద్ధకస్తుడా! పెట్టుకో పో!" అని అక్కడికక్కడే పెట్టె తెరిచి, ఆకు చుట్టి, లింగన చేతిలో విడెం పెట్టాడు. లింగన దాన్ని కళ్ళకద్దుకుని నోట్లో వేసుకున్నాడు. మాట ముడిపడిపోయింది.

ఆ సాయంత్రం లింగన వంటశాలకు వెళ్ళాడు. వంటశాల పెద్ద నాంచారమ్మ. గరిటె పట్టుకుంటే సేనాపతి కూడా పక్కకు తప్పుకునే మనిషి.

"నాంచారత్తా, రాజుగారి విస్తట్లో ఎన్ని వంటకాలు?"

"ముప్పై రెండు. ఏం? ఎక్కువయ్యాయని ఆ వైద్యుడు పంపించాడా?"

"ఒక్కటి కూడా తగ్గించొద్దు. వరస మార్చు. మొదట బూరెలు, పరమాన్నం, పులిహోర, గారెలు వస్తున్నాయి కదా? అవి చివరికి పోనీ. మొదట మిరియాల చారు, తోటకూర పప్పు, ఆనపకాయ, బీరకాయ, మజ్జిగ పులుసు, కొర్రన్నం రావాలి."

నాంచారమ్మ గరిటె నడుముకు ఆనించింది. "తీపి లేకుండా విస్తరి మొదలవుతుందటయ్యా? అది ఏ ఇంటి మర్యాద? నలుగురు వింటే నా మొహాన ఉమ్ముతారు."

"మొదట చిటికెడు బెల్లం వెయ్యి. శుభం శుభమే అవుతుంది."

"మరి ఇప్పుడున్న కూరలు ఆయన ముట్టుకోరు తెలుసా? తోటకూర ఏడాదిగా విస్తట్లో వేస్తున్నాను, ఏడాదిగా అలాగే లేస్తోంది."

"ఎందుకు ముట్టుకుంటారు, అప్పటికి బూరెలతో పొట్ట నిండిపోతుంటే? ఆకలి మీద ఉన్నప్పుడు పెట్టి చూడు. నీ చేతి తోటకూర పప్పు నేను తినలేదా? ఆకలి మీద తిన్నవాడు ఆ రుచి మరిచిపోతాడా?"

ఈ మాటతో నాంచారమ్మ చల్లబడింది. ఏడాదిగా తన తోటకూర పడుతున్న అవమానం ఆమెకు లోపల ఉండనే ఉంది. "సరేలే. నా పప్పు ఏమిటో ఆయనకూ తెలియాలి" అంది.

మర్నాడు పొద్దున గంభీర భూపతి గద్దె మీద కూర్చున్నాడు. ఎడమ చెయ్యి చాపాడు, అరిసె ఉంది. కుడి చెయ్యి చాపాడు, అడపం లేదు.

"లింగా!"

"ఇక్కడున్నాను మహారాజా!" అని ఎక్కణ్ణించో వినబడింది.

సభ రెండో కొసన, సింహద్వారం పక్కన రాతి అరుగు మీద అడపం ఉంది. దాని పక్కనే లింగన బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. గద్దెకూ అరుగుకూ మధ్య సరిగ్గా అరవై అడుగులు. లింగన ముందు రోజే వేసి చూసుకున్నాడు. పెట్టె పక్కన గుడ్డ కట్టిన ఒక కుండ కూడా ఉంది.

"అదేమిట్రా అక్కడ పెట్టావు? ఇటు తీసుకురా."

"తమరి విడెం నా కడుపులో ఉంది మహారాజా. నేను పెట్టిన చోటే ఉండాలని కదా మాట."

రాజు ముఖం ఎర్రబడింది. కానీ సభంతా చూస్తోంది. ముత్తాత కట్టుబాటు. సరే, ఇవాళ విడేలే ఇవ్వను, ఏం మునిగిపోతుంది అనుకుని మొదటి ఫిర్యాదు పిలిపించాడు.

వచ్చింది బూదమ్మ. పొరుగువాడి గేదె ఆమె సొరపాదు మేసేసింది. రాజు విన్నాడు, పొరుగువాడు ఇరవై సొరకాయలు ఇచ్చుకోవాలని తీర్పు చెప్పాడు. "ఇక వెళ్ళు" అన్నాడు.

బూదమ్మ కదల్లేదు. "విడెం ఇప్పించండి దొరా."

"తీర్పు చెప్పానుగా!"

"చెప్పారు, మీ కడుపు చల్లగుండ. విడెం లేకుండా ఊళ్ళో అడుగుపెడితే వాడు నమ్ముతాడా? దొర నీ మాట కొట్టేశాడంటాడు. వాడి గేదె నా పొట్లపాదు కూడా మేస్తది. నేనిక్కడే కూచుంటాలెండి, మీరు తీరిగ్గా ఇవ్వండి." అని నిజంగానే సభ మధ్యలో కూర్చుని ఒడిలోంచి వేరుశనక్కాయలు తీసింది.

ఆమె లేస్తే గానీ రెండో ఫిర్యాదు పిలవడానికి లేదు. రాజు పల్లకీ తెమ్మన్నాడు. మంత్రి చెవిలో చెప్పాడు: సభలో వాహనమెక్కి తిరగడం ఉత్సవ విగ్రహానికే చెల్లుతుంది, మనిషి ఎక్కితే పాడె కింద లెక్క. రాజు గతుక్కుమన్నాడు. గద్దెనే అక్కడికి జరపమన్నాడు. అది పునాదిలోంచి లేచిన రాతి గద్దె, దాన్ని జరపాలంటే కోట విప్పాలి. తాళంచెవి ఎవరికైనా ఇద్దామా అంటే మొలతాడు మీది చెవి ప్రాణం పోయాకే ఊడాలని ఆనవాయితీ.

బూదమ్మ వేరుశనక్కాయలు ఒలుస్తూనే ఉంది.

చివరికి గంభీర భూపతి లేచాడు. అరవై అడుగులు వేశాడు. మధ్యలో రెండు స్తంభాలు పట్టుకున్నాడు. పెట్టె తెరిచి, విడెం చుట్టి, "ఈ సభను ఎవర్రా ఇంత పొడుగు చేశారు?" అని లింగన మీద విసుక్కున్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు.

"తమ తాతగారు కట్టించారు మహారాజా. అప్పుడు ఇంతే ఉందట" అన్నాడు లింగన వినయంగా.

ఆ రోజు ఏడు విడేలతో సభ ముగిసింది. రాజుగారి చొక్కా చెమటకు తడిసి ముద్దయింది. ఏడుసార్లూ గద్దె దగ్గర అరిసెల పళ్ళెం ఒంటరిగా ఉండిపోయింది. మధ్యాహ్నం ఎన్నడూ లేని ఆకలి వేసింది. విస్తట్లో బెల్లంముక్క తరవాత తోటకూర పప్పు పడింది. "బూరెలేవి?" అని అరిచాడు. "వస్తున్నాయి మహారాజా, ముప్పై రెండూ వస్తున్నాయి, వరసలో ఉన్నాయి" అన్నారు వడ్డించేవాళ్ళు. ఆకలి ఆగనివ్వలేదు, పప్పు కలిపాడు. బూరెలు వచ్చేసరికి ఒక్కటే పట్టింది. వంటకాలు లెక్కపెట్టించాడు. ముప్పై రెండూ ఉన్నాయి.

అయిదో రోజున మోకాళ్ళు వాచాయి. రాజు మంచం మీద నుంచి లేవనన్నాడు. లింగన ఉమాపతి ఇంటికి పరుగెత్తాడు. ఆ పెద్దాయన అరుగు మీద కూర్చుని వేర్లూ మూలికలూ చిన్న చిన్న మూటలు కడుతున్నాడు. పొలిమేర దాటే రోజుకు సిద్ధపడుతున్నాడన్నమాట.

"స్వామీ, నేను మిమ్మల్ని కాపాడబోయి ముంచేశానేమో" అన్నాడు లింగన. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఉమాపతి ఒక మూట విప్పి ఆముదం గిన్నె తీశాడు. "ఆరేళ్ళు తుప్పు పట్టిన తలుపు తెరిస్తే కిర్రుమనదా? తైలం నేను రాస్తాను. ఒక్కరోజు పడుకోనివ్వు. ఎల్లుండి మళ్ళీ ఆ పెట్టె అక్కడే ఉంచు. భయపడి దగ్గరికి జరిపావో, ఇద్దరం నడిచేది పొలిమేరకే."

లింగన జరపలేదు.

పదో రోజుకు పన్నెండు విడేలు. పదిహేనో రోజుకు ఇరవై. ఆ రోజు రాజు సభ మధ్యలో ఆగి లింగన మీద గర్జించాడు. "నా పొద్దు ముట్టుకోనన్నావు. ఈ రాకపోకలకు ఎంత పొద్దు పోతోందో తెలుసా? ఫిర్యాదులు పేరుకుపోతున్నాయి. మాట తప్పావు, పో పొలిమేరకు!"

లింగన లేచి చేతులు కట్టుకున్నాడు. "మహారాజా, ఇటు విచ్చేసేటప్పుడు తమ చెవులు ఖాళీగానే ఉన్నాయి కదా. తీర్పయినవాడు విడెం కోసం తమ వెనక వస్తాడు. ఆ తరవాతివాణ్ణి ఇక్కడే, పెట్టె దగ్గరే పిలవండి. వాడు తమ పక్కనే గద్దె వరకూ వస్తూ గోడు చెప్పుకుంటాడు. గద్దె మీద తీర్పు చెప్పి వెంటనే ఇటు విచ్చేయవచ్చు. ఒకరి విడెం అయ్యాకే ఇంకొకరిని పిలిచినట్టూ ఉంటుంది."

రాజు అలా చేసి చూశాడు. అప్పుడు ఒక వింత జరిగింది. ఇంతకు ముందు ఫిర్యాదీలు నిలబడి, తాత పెళ్ళి నుంచి మొదలుపెట్టి మేక తప్పిపోయిన దాకా వచ్చేవారు. ఈలోగా రాజు రెండు అరిసెలు తిని ఒక కునుకు తీసేవాడు. ఇప్పుడు పక్కన అడుగులు వేస్తూ చెప్పాల్సి వచ్చేసరికి ఊపిరి అందక మేకతోనే మొదలుపెట్టారు. ఇరవయ్యో రోజుకు నలభై ఫిర్యాదులూ పూర్తయ్యాయి. పొద్దు ఇంకా రెండు ఘడియలుంది. రాజు నీడగడియారం వైపు అనుమానంగా చూశాడు. దాన్ని కూడా లింగనే జరిపాడేమోనని మనిషిని పంపి చూపించాడు.

"తమరి ఘడియ ఒక్కటీ ముట్టుకోలేదు మహారాజా. రెండు మిగిలాయి, దాచుకోండి" అన్నాడు లింగన.

రాజు మిగిలిన రెండు ఘడియలు ఏం చెయ్యాలో తోచక తోటలోకి వెళ్ళాడు. తన తోటలో మామిడిచెట్లు ఉన్నాయని ఆయనకు ఆ రోజే తెలిసింది.

రోజూ మాత్రం తప్పకుండా అడిగేవాడు. "లింగా, మందేదిరా?"

లింగన గుడ్డ కట్టిన కుండ చూపించేవాడు. "తయారవుతోంది మహారాజా. తమ కళ్ళ ముందే తయారవుతోంది. దశమి నాటికి పాకానికొస్తుంది."

ముప్పయ్యో రోజున రాజుగారి ఎర్రతోలు చెప్పు అడుగు చిరిగింది. సున్నపు గీత ఎప్పుడో పోయింది, ఇప్పుడు బొటనవేలంత చిల్లు పడింది. "దొంగ తోలు వేశాడు, వాణ్ణి పట్టుకురండి!" అని రాజు కేకలేశాడు. లింగన ఆ చెప్పులు తీసుకుని, "వాడికి నేను బుద్ధి చెబుతాను లెండి" అని కొత్తవి తెప్పించాడు. పాతవి ఏమయ్యాయో ఎవరూ అడగలేదు.

ఈ నలభై రోజుల్లో లింగన ఒక్క పొరపాటు చేశాడు. మందు తయారుచేసే తొందరలో అది అతనికే తెలియలేదు. దాని సంగతి తరవాత.

దశమి వచ్చింది. జెండాగట్టు కింద జనం ఇసక వేస్తే రాలనట్టు నిండిపోయారు. పొరుగు రాజు రాయబారి మీసం దువ్వుకుంటూ నిలబడ్డాడు. దాయాది ఒకడు కొత్త తలపాగా చుట్టుకుని వచ్చాడు, ఎవరూ పిలవకపోయినా. ఉమాపతి భుజాన సంచి తగిలించుకుని ఒక పక్కన నిలబడ్డాడు.

గంభీర భూపతి మొదటి మెట్టు దగ్గర ఆగి పైకి చూశాడు. మూడొందల నలభై మెట్లు.

"లింగా! మందు!"

"పైకి పంపించాను మహారాజా. జెండా కర్ర పక్కనే పెట్టించాను."

"పైకా? ఎక్కడానికి మందు అడిగితే ఎక్కాక తాగమంటావా? బుద్ధుందా?"

"కింద తాగితే పనిచెయ్యదు. మా తాత మాట. తమరు మెల్లగా విచ్చేయండి, అందాక నేను వెనకే ఉంటాను. మందు పనిచెయ్యకపోతే ఈ మెట్ల మీద నుంచే నన్ను పొలిమేరకు పంపండి."

రాయబారి నవ్వు దాచుకోవడం రాజు చూశాడు. పళ్ళు కొరుక్కుని, 'ఈ లింగణ్ణి పైకి వెళ్ళాక చెబుతాను' అనుకుంటూ మెట్టెక్కాడు. యాభై మెట్ల వరకూ లింగణ్ణి తిట్టుకున్నాడు. వంద మెట్ల వరకూ ఉమాపతిని తిట్టుకున్నాడు. నూటయాభై దగ్గర తిట్లు అయిపోయాయి, ఎందుకో అలవాటుగా పక్కకు తిరిగి "ఊఁ, నీ ఫిర్యాదేమిటి?" అన్నాడు. పక్కన వెంట ఎక్కుతున్న రాయబారి ఉన్నాడు. ఆయన ముఖం కమిలిపోయి ఉంది, మాట రావడం లేదు. రెండొందల మెట్టు మీద రాయబారి కూలబడి, "తమరు పదండి ప్రభూ, నేను ఇక్కణ్ణించే చూస్తాను" అని చెయ్యి ఊపాడు. కొత్త తలపాగా అంతకన్నా ముందే ఎక్కడో కిందే ఆగిపోయింది.

రాజుకు ఒక్కసారిగా ఉత్సాహం వచ్చింది. మిగతా నూట నలభై మెట్లు ఎలా ఎక్కాడో ఆయనకే తెలియదు. జెండా ఎగిరింది. కింద జనం చేసిన జయధ్వానానికి చెట్ల మీది చిలకలు లేచిపోయాయి. వెనకే మెల్లగా ఎక్కి వచ్చిన ఉమాపతి భుజం మీది సంచి దించి కింద పెట్టాడు.

అప్పుడు గుర్తొచ్చింది రాజుకు. జెండా కర్ర పక్కన కుండ ఉంది, మూతికి లక్క వేసి ఉంది. పగలగొట్టి లోపల చెయ్యి పెట్టాడు.

చెయ్యి బయటికి వచ్చేసరికి అందులో ఎర్రతోలు చెప్పులు ఉన్నాయి. అరిగి, మడమ దగ్గర పలచబడి, బొటనవేలంత చిల్లు పడ్డ చెప్పులు.

రాజు వాటిని పైకెత్తి పట్టుకున్నాడు.

"లింగా! ఇదేమిట్రా?"

లింగన రాలేదు. అందరూ కిందికి చూశారు. ఆఖరి పది మెట్ల దగ్గర లింగన రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని రొప్పుతున్నాడు. ఇద్దరు బోయీలు చెరో రెక్కా పట్టుకుని పైకి తెచ్చారు.

"ఇదే... మందు... మహారాజా" అన్నాడు ఊపిరి కూడగట్టుకుని. "ఇన్నాళ్ళూ... తమరు వాడినదే. ఏడు విడేలతో మొదలై రోజుకు నాలుగువేల ఎనిమిదొందల అడుగుల దాకా పెరిగిన మోతాదు. పూర్తిగా వాడేశారు... అడుగున చిల్లు కూడా పడింది, చూడండి. ఒక్క ఘడియ ముట్టుకోలేదు, ఒక్క వంటకం తగ్గించలేదు. తమరు వద్దన్న మాట ఇప్పటికీ నా నోట రాలేదు."

రాజు చెప్పు తిప్పి చూశాడు. ఆరేళ్ళు చెరగని సున్నపు గీత ఉండాల్సిన చోట ఆకాశం కనబడింది. చిల్లులోంచి కింద నెమలికోట కనబడింది, సభ కప్పు కూడా కనబడింది. గంభీర భూపతి పొట్ట కదిలింది, భుజాలు కదిలాయి, అంత గాంభీర్యమూ గాలికి ఎగిరిపోయింది. కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. చివరికి మెట్టు మీద కూర్చుండిపోయి నవ్వాడు.

"ఉమాపతీ, నీ సంచి ఇంటికి పట్టుకెళ్ళు. నువ్వు చెప్పిందే జరిగింది, నువ్వు చెప్పినట్టు కాకుండా. తప్పు నాదే" అన్నాడు. రాజు నోట ఆ ఆఖరి మాట వినడం ఉమాపతికి ఇదే మొదటిసారి. దణ్ణం పెట్టాడు.

తరవాత రాజు లింగన వైపు తిరిగి ఎగాదిగా చూశాడు. "అది సరే, నువ్వేమిట్రా ఇలా అయ్యావు? నలభై రోజుల కిందట కర్రలా ఉండేవాడివి."

లింగన తల వంచాడు. అదే ఆ పొరపాటు. నలభై రోజులు అతను నిలబడలేదు, అరుగు మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. రాజుగారు ముట్టని అరిసెలు, రాజుగారికి పట్టని బూరెలు పారెయ్యడం మహాపాపమని నాంచారమ్మ రోజూ అతని దగ్గరికే పంపించింది.

"అన్నం పరబ్రహ్మం కదా మహారాజా" అన్నాడు చిన్నగా.

రాజు మళ్ళీ నవ్వాడు. తన మెడలోని ముత్యాల హారం తీసి అతని మెడలో వేశాడు. "పదెకరాల మాన్యం కూడా ఇస్తున్నాను. మంచి మాగాణి."

లింగన ముఖం వెలిగింది. "ఎక్కడ మహారాజా?"

"ఈ గట్టుకు అవతల. పల్లకీ ఇవ్వను, గుర్రం ఇవ్వను. రోజూ పొద్దున్నే వెళ్ళి చేను చూసుకుని సభ వేళకు రా."

"మహారాజా, నాకు తీరిక..."

"ఏమన్నావు?"

లింగన చటుక్కున మెడలో హారం సర్దుకున్నాడు. గంభీర భూపతి తానే పది అడుగులు వేశాడు, బోయీలు మోసుకొచ్చి జెండా కర్ర అవతల దించిన అడపాన్ని మొలతాడు మీది తాళంచెవితో తెరిచాడు, ఒక మంచి ఆకు ఏరి విడెం చుట్టాడు. ఉమాపతి నవ్వు ఆపుకుంటూ కొండల వైపు చూశాడు. రాజు ఆ విడెం లింగన చేతిలో పెట్టి, వేళ్ళు మూసి, గట్టిగా నొక్కాడు.

మర్నాడు పొద్దున్నే మజ్జిగన్నం తిని గట్టు దాటుతున్న లింగనకు దారిలో బూదమ్మ ఎదురైంది. ఆమె నెత్తిన సొరకాయల బుట్ట ఉంది. "ఎక్కడికయ్యా పొద్దున్నే?" అంది.

"మందు వేసుకోవడానికి" అన్నాడు లింగన. చెప్పులు విడిచి దులుపుకుని, మళ్ళీ తొడుక్కుని, ముందుకు సాగాడు.